పాత తెరచాప పడవలో నీటి గీతకు దిగువనున్న వాల్వులు, పైపులు అన్నీ మార్చాలా?

బరంపురం నుండి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన 1980ల నాటి 27 అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఒకటి కొని, గోపాలపూర్ దగ్గర సరుగుడు తోట పక్కన దిమ్మల మీద నిలబెట్టారు. నీటి గీతకు, అంటే తేలే పడవ గోడను నీరు తాకే మట్టానికి, దిగువన ఏడు రంధ్రాలు ఉన్నాయి: మరుగుదొడ్డికి రెండు, వంట సింకుకు ఒకటి, చేతులు కడిగే బేసినుకు ఒకటి, ఇంజను చల్లబరిచే నీటికి ఒకటి, కాక్‌పిట్‌లో (పడవ నడిపేవారు కూర్చునే గుంటలో) పడిన నీరు బయటికి పోవడానికి రెండు. వాటిలో రెండు వాల్వులు ఎంత బలం పెట్టినా తిరగడం లేదు, మరొకదాని పిడి విరిగి చేతిలోకి వచ్చింది, మరుగుదొడ్డి పైపులు కంపు కొడుతున్నాయి. బజారులో దొరికే ఇత్తడి బాల్ వాల్వుకు గన్‌మెటల్ (ఒక రకం కంచు) వాల్వు నాలుగైదు రెట్ల ధర చెబుతున్నారు కనుక ఇత్తడివే పెట్టుకోవచ్చా, పాతవాటిలో ఏవైనా ఉంచుకోవచ్చా అని ఆయన సందేహం.

నీటి గీతకు దిగువన బజారు ఇత్తడి వాల్వు ఒక్కటి కూడా పెట్టవద్దు. బిగుసుకుపోయిన రెండింటినీ విప్పి చూడండి, అవి పాతకాలపు కంచు శంకు వాల్వులైతే చాలావరకు బాగుపడతాయి. పిడి విరిగిన దానిని మాత్రం రంధ్రంలోని ఫిట్టింగుతో సహా తీసివేయండి. రబ్బరు పైపులు, క్లిప్పులు పైకి ఎలా కనిపించినా అన్నీ మార్చండి. కొత్త సామాను కొనడానికి ముందు ఏడు రంధ్రాలూ నిజంగా అవసరమా అని లెక్క చూసుకోండి, ఎందుకంటే పూడ్చివేసిన రంధ్రానికి వాల్వూ అక్కరలేదు, ఏటేటా తనిఖీ కూడా అక్కరలేదు. నా అంచనాలో మీకు ఐదు చాలు. బేసిను నీటిని సింకు పైపులోకి కలపవచ్చు, మరుగుదొడ్డిలోకి తీసుకునే నీటిని ఇంజను నీటి రంధ్రం నుండే ఒక పాయగా తీసుకోవచ్చు.

నేను విశాఖపట్నంలో ఓడల మరమ్మతు పనిలో పైపు ఫిట్టరుగా ఇరవై రెండేళ్లు చేసి, ఆ తరువాత ఇచ్ఛాపురం వచ్చి, ఇక్కడి నుండి గోపాలపూర్ వరకు ఫైబర్ పడవల పనులు చూస్తున్నాను. తెరచాప పడవలు మన వైపు అరుదు కనుక నా చేతిలోకి వచ్చినవి పట్టుమని పదిహేను ఉండవు. అయితే ఆ పదిహేనులో దాదాపు ప్రతిదానిలోనూ ఇదే సమస్య ఎదురైంది.

ఇత్తడి ఎందుకు పనికిరాదో కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. బజారు ఇత్తడిలో సుమారు అరవై పాళ్లు రాగి, నలభై పాళ్లు జింకు ఉంటాయి. ఉప్పునీటిలో నానే కొద్దీ జింకు ముందుగా కరిగి వెళ్లిపోయి, రాగి మాత్రం స్పంజిలా బోలుగా మిగులుతుంది. కొలతలో తేడా రాదు, ఆకారం చెడదు, పైన నికెల్ పూత ఉంటే రంగు కూడా మారదు, కానీ లోపల బలం ఏమీ మిగలదు. విశాఖలో పని నేర్చుకుంటున్న రోజులలో ఒక విహార పడవ సింకు పైపును వాల్వు నుండి ఊడదీయడానికి కొంచెం మెలితిప్పాను. పైపు రాలేదు, దానిని తొడిగిన హోస్ నిపులే పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది. విరిగిన అంచు చూస్తే లోపలంతా ఎర్ర జామపండు గుజ్జు రంగులో ఉంది, గోటితో గీకితే పొడిగా రాలింది. అదృష్టవశాత్తు పడవ ఒడ్డున ఉంది. అంతకు వారం ముందు అదే పడవలో యజమాని కుటుంబం సముద్రంలోకి వెళ్లి వచ్చింది.

గంజాం జిల్లావారికి బెలగుంఠ ఇత్తడి చేప తెలియనిది కాదు. పొలుసు పొలుసుగా వంగే ఆ చేపకు ఇత్తడిని మించిన లోహం లేదు, కానీ దానిని చేసినవారెవరూ సముద్రంలో ఈదించమని చెప్పలేదు.

కంచులో రాగికి తోడు తగరం ఉంటుంది. మన వైపు గన్‌మెటల్ అని పిలిచేది రాగి 85, తగరం 5, జింకు 5, సీసం 5 పాళ్ల మిశ్రమం. దుకాణంలో ఊరికే గన్‌మెటల్ అని అడగకుండా, ఐ.ఎస్. 318 అనే భారతీయ ప్రమాణంలోని ఎల్.టి.బి.-2 తరగతి కావాలని అడగండి. బిల్లు మీద అలా రాసి ఇవ్వడానికి వెనుకాడే దుకాణంలో కొనకండి. ఇక్కడ రెండు మోసాలు ఉన్నాయి. మొదటిది మాంగనీస్ బ్రాంజ్ అనే పేరు. పేరులో కంచు ఉన్నప్పటికీ అందులో జింకు నలభై పాళ్లకు దగ్గరగా ఉంటుంది, అంటే అది బలమైన ఇత్తడే. ఆ పేరు నమ్మి ఒకసారి నేనే నాలుగు ఫిట్టింగులు బిగించి, ఆరేళ్ల తరువాత నా ఖర్చుతోనే వాటిని మార్చి ఇచ్చాను. రెండవది, వాల్వు ఒళ్లు గన్‌మెటల్‌తో ఉండి, లోపలి గుండు, కాడ ఇత్తడితో ఉండడం. గుండు మీద క్రోమియం పూత తళతళలాడుతుంది, ఆ పూత ఒకచోట లేచిన తరువాత మిగిలిన కథ మీకు తెలుసు. గుండు, కాడ, నిపుల్ మూడూ దేనితో చేశారో విడివిడిగా అడగండి.

ఆర్సెనిక్ స్వల్పంగా కలిపి జింకు కరగకుండా తయారుచేసే ఇత్తడి కూడా ఉంది, డి.జెడ్.ఆర్. అంటారు. అది పనికివస్తుంది, కానీ అచ్చు గుర్తు లేకపోతే మామూలు ఇత్తడికీ దానికీ కంటితో తేడా కనిపెట్టలేము. స్టెయిన్‌లెస్ స్టీలు వాల్వు గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు కనుక చెబుతున్నాను: గాలి తగలని మరలలో, సీలెంటు (నీరు చొరకుండా పూసే జిగురు) కింద నిలిచిన ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ సూదిగుచ్చినట్లు తినివేయబడుతుంది, 304 రకమైతే మరీ త్వరగా. గాజునార కలిపిన నైలాను వాల్వులు విదేశాల నుండి తెప్పించుకోగలిగితే మంచివే, వాటికి తుప్పు అనే మాటే లేదు. అయితే ఏ రకం తీసుకున్నా రంధ్రపు ఫిట్టింగు, వాల్వు, నిపుల్ మూడూ ఒకే వర్గానివి తీసుకోండి.

పాతవాటిలో ఏది ఉంచాలో తేల్చడానికి నేను చేసేది చాలా మొరటు పరీక్ష. చిన్న ఆకురాయితో ఫిట్టింగు అంచును అర మిల్లీమీటరు లోతు గీస్తాను. మెరిసే పసుపు వస్తే ఇత్తడి, కొంచెం ఎరుపు కలిసిన బంగారు రంగు వస్తే కంచు, మందమైన గులాబీ రంగు వస్తే అది ఎన్నడో చచ్చిపోయింది. తరువాత చిన్న సుత్తితో తడతాను. ఆరోగ్యంగా ఉన్న కంచు ఖంగుమంటుంది, జింకు పోయినది మట్టికుండ పగిలినట్లు బద్దగా పలుకుతుంది. చివరగా వాల్వు పైకొన మీద కాలు పెట్టి నా బరువంతా మోపుతాను. అమెరికాలో పడవల ప్రమాణాలు నిర్ణయించే ఎ.బి.వై.సి. వారి హెచ్-27 ప్రకారం సీకాక్ (పడవ అడుగు రంధ్రానికి బిగించే వాల్వు) లోపలి కొన మీద 500 పౌండ్ల, అంటే సుమారు 227 కిలోల భారం 30 సెకన్లు మోపినా చెదరకూడదు. నేను 78 కిలోలు ఉంటాను, కనుక నా పరీక్ష అందులో మూడవ వంతు మాత్రమే. అయినా దానికే రెండు వాల్వులు నా కాలి కింద విరిగాయి. ఐరోపా వైపు ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9093 అయితే ఐదేళ్లు చెడకుండా ఉంటే చాలు, తుప్పు పట్టని లోహమే అనుకోవచ్చునంటుంది. నలభై ఏళ్ల పడవ కొన్నవారికి ఆ మాట ఏమాత్రం ధైర్యం ఇవ్వదు.

ఇంత జాగ్రత్త అవసరమా అని మీకు అనిపించవచ్చు. నీటి గీతకు 60 సెంటీమీటర్ల దిగువన 38 మిల్లీమీటర్ల రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి సుమారు 140 లీటర్ల నీరు లోపలికి వస్తుంది, అంటే ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల డబ్బాలు ఏడు. చిన్న పడవలలో సాధారణంగా ఉండే గంటకు 500 గ్యాలన్ల విద్యుత్ పంపు, అట్ట మీద రాసినంతా తోడినా, నిమిషానికి 32 లీటర్లు దాటదు. అలాంటి పంపులు నాలుగు కలిసినా చాలవు. మన తీరంలో కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టి కట్టిన పాత కుట్టు పడవలకు నీరు ఊరడం సహజం, ఒక మనిషి దానిని తోడిపోస్తూనే ఉండేవాడు. ఆ ఊటకూ ఈ ధారకూ పోలిక లేదు.

ఇక బిగుసుకుపోయిన రెండు వాల్వుల సంగతి. మీరు చెప్పిన ఏళ్లను బట్టి అవి శంకు ఆకారపు బిరడా ఉన్న కంచు సీకాక్‌లు అయి ఉండవచ్చు. పైన రెండు బోల్టులతో బిగించిన మూత పట్టీ ఉంటే అవే. పిడికి గొట్టం తొడిగి బలం పెంచవద్దు, ఆ మూడవదాని పిడి బహుశా అలాగే విరిగి ఉంటుంది. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలి, మరునాడు బోల్టులను నాలుగైదు చుట్లు వదులు చేసి, వేడిగాలి గన్‌తో వాల్వు ఒంటిని మాత్రమే వెచ్చచేసి, బిరడా సన్నని కొన వైపు నుండి కర్రముక్క అడ్డుపెట్టి సుత్తితో చిన్నగా కొట్టండి. గ్యాసు మంట వాడవద్దు. ఆ మంట వాల్వును వేడిచేసే లోపే చుట్టూ ఉన్న ఫైబర్‌ను మెత్తబరుస్తుంది. బోల్టులు పూర్తిగా తీయకుండా వదులు మాత్రమే చేయడానికి కారణం ఉంది, బిరడా ఒక్కసారిగా వదిలితే ముఖం మీదికి ఎగురుతుంది.

బిరడా బయటికి వచ్చిన తరువాత చేయవలసినది ఓపిక పని. మోటారు మెకానిక్కులు ఇంజను వాల్వులకు వాడే గ్రైండింగ్ పేస్టు సన్నరకం తీసుకుని, బిరడా చుట్టూ పలచగా రాసి, దాని గూటిలో పెట్టి, అరచేతి బరువుతో అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు తిప్పుతూ ఉండండి. మొదట ఇసుక నలిగినట్లు గరగర వినిపిస్తుంది, కొంతసేపటికి ఆ శబ్దం పలచబడి బట్ట రాసుకున్నట్లు అవుతుంది, అప్పుడు పేస్టు తుడిచి కొత్తది రాయాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేశాక పూర్తిగా కడిగి ఆరబెట్టి చూస్తే, బిరడా చుట్టూ ఎక్కడా తెగకుండా బూడిదరంగు మందమైన పట్టీ కనిపించాలి. మధ్యలో ఎక్కడైనా మెరిసే మచ్చ మిగిలితే అక్కడ లోహం ఆనడం లేదని అర్థం. లోతైన గాడి ఉంటే ఇక ఎంత నూరినా లాభం లేదు, ఆ వాల్వును వదులుకోండి. బాగా ఆనితే నీటికి కొట్టుకుపోని గ్రీజు పట్టించి, బోల్టులను పిడి కొంచెం గట్టిగానే, అయితే ఎక్కడా పట్టేయకుండా తిరిగేంత మాత్రమే బిగించండి. నేను ఇలా బాగుచేసిన శంకు వాల్వు ఒకటి పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. బాల్ వాల్వుకు ఇటువంటి రెండవ జన్మ ఉండదు.

మీ ఏడింటిలో గుండ్రని చక్రం తిప్పే గేట్ వాల్వు ఏదైనా ఉంటే దానిని విచారణ లేకుండా తీసివేయండి. తెరిచి ఉందో మూసి ఉందో చూసి చెప్పలేము, అడుగున చిన్న గవ్వముక్క ఇరుక్కున్నా మూసుకోదు.

పాత ఫిట్టింగును లోపలి నుండి నట్టు విప్పి తీయాలని చూస్తే సగం రోజు పోతుంది. బయటి వైపున్న పుట్టగొడుగు ఆకారపు అంచును గ్రైండరుతో అరగదీసి, మిగిలిన గొట్టాన్ని లోపలికి తట్టివేయడం సులువు. రంధ్రం తెరుచుకోగానే దాని అంచును చూడండి. అంతా గట్టి ఫైబర్ అయితే మంచిది. రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క గానీ నురగ గానీ ఉండి, అది తడిసి నల్లబడి ఉంటే, రంధ్రం చుట్టూ కనీసం రెండు సెంటీమీటర్ల మేర దానిని తవ్వి తీసి, పూర్తిగా ఆరిన తరువాత చిక్కని ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో) నింపి, దాని మధ్య నుండి మళ్లీ రంధ్రం తొలవాలి. లేకపోతే కొత్త నట్టు బిగించినప్పుడు గోడ నొక్కుకుపోయి సీలెంటు పగులుతుంది.

ఆరడం అన్న మాట దగ్గర మన వాతావరణం అడ్డుపడుతుంది. జులై నుండి అక్టోబరు వరకు సముద్రం ఒడ్డున తెరిచిన ఫైబర్ ఆరదు, తడి గాలిలో పెట్టిన ఎపాక్సీ మీద జిడ్డుపొర కూడా కడుతుంది, దానిని నీటితో కడిగి గరుకు చేయకుండా రెండవ పూత వేస్తే అతకదు. పైగా ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటాయి. అక్టోబరులో పడవ అడుగున తెరిచిన రంధ్రాలతో ఉండడం తెలివైన పని కాదు. డిసెంబరు, జనవరి నెలలు ఈ పనికి సరైనవి. ఏప్రిల్ దాకా ఆగవద్దు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కనుక ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డెక్కుతాయి, మంచి ఫైబర్ పనివాడు మీకు దొరకడు.

ఫైబర్ పనివారి గురించి ఒక మాట. మన జాలరి ఊళ్లలో ఫైబర్ తెప్పలు చేసేవారి పనితనం గొప్పది, రంధ్రాలు పూడ్చే పని నిశ్చింతగా వారికి అప్పగించవచ్చు. అయితే వారు చేసే తెప్పలకు ఇంజను వెనుక బయటే వేలాడుతుంది, అడుగున రంధ్రమే ఉండదు. కనుక వాల్వు బిగించే పని వారికి కొత్త, దగ్గరుండి చేయించుకోండి. పూడ్చేటప్పుడు అంచును ఏటవాలుగా అరగదీయడం ముఖ్యం. గోడ మందం 10 మిల్లీమీటర్లు ఉంటే, రంధ్రం అంచు నుండి చుట్టూ 120 మిల్లీమీటర్ల వరకు, అంటే ఒకటికి పన్నెండు వాలులో అరగదీసి, ఎపాక్సీతో గాజునార గుడ్డలు పొరలు పొరలుగా వేయాలి. చిన్న రంధ్రానికి ఇంత పెద్ద పళ్లెమంత గాయం ఎందుకని పనివాడు అడుగుతాడు. బిరడాలా పూడ్చిన ముద్ద ఏదో ఒక రోజు బిరడాలాగే ఊడి వస్తుందని ఆయనకు చెప్పండి. రెండు వైపుల నుండీ పని చేయగలిగితే వాలు చెరి సగం చేసుకోవచ్చు.

కొత్త ఫిట్టింగుకు లోపలి వైపు దన్ను పలక తప్పనిసరి. పడవ గోడ వంపుగా ఉంటుంది, వాల్వు అడుగు చదునుగా ఉంటుంది, ఆ రెండింటి మధ్య సందును సీలెంటుతో నింపి సరిపెట్టకూడదు. 12 నుండి 18 మిల్లీమీటర్ల గట్టి ఫైబర్ పలకను వాల్వు ఫ్లేంజి (అడుగున పళ్లెంలా ఉండే అంచు) కంటే వెడల్పుగా గుండ్రంగా కోసి, గోడ వంపుకు సరిపడేలా అడుగున చిక్కని ఎపాక్సీ పెట్టి అతికించండి. ప్లైవుడ్ వాడితే అన్ని అంచులకూ, రంధ్రం లోపలికీ ఎపాక్సీ పట్టించాలి. సీలెంటు సముద్రపు పనికి తయారైన పాలియూరిథేన్ రకం తీసుకోండి. కిటికీలకు వాడే సిలికాన్ ఇక్కడ పనికిరాదు, పైగా అది ఒకసారి తగిలిన చోట మరేదీ అంటదు. ఒకరు బయటి నుండి ఫిట్టింగు తిరగకుండా పట్టుకుని ఉండగా మరొకరు లోపల బిగించాలి, అంచు చుట్టూ సమానంగా పూసలా సీలెంటు ఉబికి రాగానే ఆపాలి. ఇంకా బిగిస్తే ఉన్నదంతా బయటికి వచ్చేస్తుంది.

మరల విషయంలో చాలామంది మోసపోతారు. మన దేశంలో దొరికేవి బ్రిటిష్ ప్రమాణపు బి.ఎస్.పి. మరలు, అమెరికా పడవలలో ఉండేవి ఎన్.పి.టి. లేదా ఎన్.పి.ఎస్. మరలు. అర అంగుళం, ముప్పావు అంగుళం కొలతలలో రెండింటికీ అంగుళానికి 14 మరలే కనుక ఒకదానిలో ఒకటి రెండు మూడు చుట్లు సాఫీగా ఎక్కి సరిపోయినట్లే అనిపిస్తుంది. కానీ మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, మరొకదానికి 60. ఒక అంగుళం, ఆ పైన అయితే 11కూ 11½కూ తేడా. సీలెంటు పెట్టకముందే పొడిగా తిప్పి చూసి, కనీసం ఐదు నిండు చుట్లు ఎక్కకపోతే ఆ జత కలపకండి. టెఫ్లాన్ టేపు చుట్టి సరిపెట్టడం ఇంటి కుళాయికి సరే, ఇక్కడ కాదు.

మరుగుదొడ్డి పైపు ఎంత చెడిందో చూసే పరీక్ష అందరికీ తెలిసినదే అయినా చెబుతాను. వేడి నీటిలో ముంచి పిండిన గుడ్డతో పైపు బయటి వైపు తుడిచి, గుడ్డను వాసన చూడండి. కంపు వస్తే ఆ వాసన పైపు గోడలోకి ఇంకిపోయింది, లోపల ఎంత కడిగినా పోదు. మీది ఆ దశ దాటిపోయింది. కొత్తది నీటి గీతకు దిగువన వాడదగిన, లోపల తీగ చుట్టిన దళసరి రబ్బరు పైపు కావాలి, మరుగుదొడ్డికి వాసన ఇంకని రకం వేరుగా అడగండి. తోటకు నీళ్లు పెట్టే పారదర్శక పైపు వద్దు. నిపుల్ మీద ఎక్కకపోతే కొనను ఒక నిమిషం వేడి నీటిలో ఉంచి, గిన్నెలు తోమే సబ్బు నీరు రాయండి, గ్రీజు రాయవద్దు. ప్రతి కొనకూ రెండు క్లిప్పులు వేసి, మరలు ఎదురెదురుగా ఉండేలా బిగించండి, అయితే రెండవ క్లిప్పు కింద కూడా నిపుల్ ఉండాలి, వట్టి రబ్బరును నొక్కే క్లిప్పు పైపును కోస్తుంది. కొనేటప్పుడు జేబులో అయస్కాంతం ఉంచుకోండి. పట్టీ స్టెయిన్‌లెస్ అయి, మర మాత్రం మామూలు ఇనుము అయిన క్లిప్పులు చాలా వస్తాయి. మరకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటే తిరిగి ఇచ్చేయండి.

మరుగుదొడ్డి గిన్నె అంచు నీటి గీతకు దిగువన ఉంటే, లోపలికి వచ్చే పైపూ బయటికి పోయే పైపూ రెండూ నీటి గీత పైకి ఎక్కి వంగి దిగాలి, ఆ వంపు శిఖరాన గాలి పీల్చే చిన్న వాల్వు ఉండాలి. పడవ గాలికి ఒరిగినప్పుడు కూడా ఆ శిఖరం నీటికి కనీసం 20 సెంటీమీటర్ల పైన ఉండేలా చూడాలి. ఆ వాల్వు లేకపోతే, లేదా ఉప్పు పేరుకుని మూసుకుపోతే, ఒకసారి నిండిన పైపు తనంతట తానే సముద్రాన్ని లోపలికి లాగుతూ ఉంటుంది. నా ఎరుకలో ఒక పడవ లంగరు మీదనే పడక పరుపుల ఎత్తు వరకు మునిగింది, పైపులు కొత్తవి, సీకాక్‌లు మేలైనవి. ఆ గాలి వాల్వు నాలుకను ఏళ్లుగా ఎవరూ కడగలేదు, రాత్రి సీకాక్ మూయలేదు. ఏడాదికి రెండుసార్లు దానిని విప్పి మంచినీటితో కడిగితే చాలు. పాత పంపులో సున్నపు పెంకు గట్టిపడి ఉంటుంది, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కరుగుతుంది, కానీ బ్లీచింగ్ ద్రావణం తగిలిన చోట ఆ ఆమ్లం పోయకండి, విషవాయువు వస్తుంది.

కాక్‌పిట్ రంధ్రాలు రెండూ ఉంచండి, వాటి విషయంలో పొదుపు చేయకండి. మీ పడవ సరుగుడు చెట్ల పక్కన ఉందని రాశారు. తిత్లీ నాటి వానకు ఒడ్డున నిలబెట్టిన ఒక పడవ కాక్‌పిట్‌లో సరుగుడు సూదులు రంధ్రాలకు అడ్డుపడి, నీరు నిండి, అంచు దాటి ఇంజను మీదికి దిగింది. సముద్రం చూడకుండానే ఆ ఇంజను ఉప్పెనలో మునిగినంత పనైంది. ఇప్పుడే పడవ మీద టార్పాలిన్ కప్పండి.

మంచినీటి పైపుల సంగతికి తొందర లేదు. అవి చెడితే మీకు దాహం వేస్తుంది గానీ పడవ మునగదు. ప్లాస్టిక్ ట్యాంకు అయితే లీటరుకు ఒక మిల్లీలీటరు చొప్పున 5 శాతం సోడియం హైపోక్లోరైటు కలిపి, నాలుగు గంటలు ఉంచి, వాసన పోయే వరకు కడగండి.

చిలికాలో కూడా తిప్పాలని ఉందన్నారు. లోతు సంగతి మీ పడవ అడుగున దిగి ఉండే కీల్ (నిలువు పలక) ఎంత ఉందో దానిని బట్టి మీరే చూసుకోవాలి, అక్కడ చాలాచోట్ల నీరు నిలువెత్తు కూడా ఉండదు. లోహాల విషయంలో మాత్రం ఒక తేడా ఉంది. చిలికా నీరు వానాకాలంలో తీపెక్కి, ఎండాకాలంలో ఉప్పెక్కుతుంది. తీపి నీటిలో జింకు రక్షణ దిమ్మల (మిగతా లోహాలకు బదులు తాము కరిగిపోయేలా బిగించే ముక్కల) మీద పొర కట్టి అవి పనిచేయడం మానేస్తాయి, అల్యూమినియం దిమ్మలు రెండు నీళ్లలోనూ పనిచేస్తాయి. మీరు అవే పెట్టండి. రెండింటినీ కలిపి మాత్రం పెట్టవద్దు.

వాల్వులన్నీ అమరిన తరువాత ప్రతిదాని పక్కన దాని రంధ్రానికి సరిపడే మెత్తని చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి. టేకు వద్దు, అది గట్టిగా ఉండి రంధ్రానికి అమరదు, నాకు బూరుగు కర్ర బాగా పనికివచ్చింది.

నీటిలో దించే రోజు క్రేను పట్టీలు విప్పించకుండా అరగంట ఆగండి. క్రేను వాడు గొణుగుతాడు, గొణగనివ్వండి. వాల్వులన్నీ మూసి ఉంచి, ప్రతి ఫిట్టింగు చుట్టూ పొడి కాగితంతో తుడిచి చూడండి. తరువాత ఒక్కొక్కటిగా తెరిచి, పైపు కొనలను కూడా అలాగే చూడండి. కంటికి కనిపించని చెమ్మ కాగితం మీద కనిపిస్తుంది. అన్నీ పొడిగా ఉంటే పట్టీలు విప్పించి, ప్రతి వాల్వు కింద పాత దినపత్రిక ఒక పుట పరిచి, ఆ రాత్రి పడవలోనే పడుకోండి. తెల్లవారి ఏ పుట మీదైనా తడి మచ్చ ఉంటే ఆ వాల్వు మూసి, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.